కొండంతటికీ ఒకే మట్టి చీటీ చెల్లదు!

గరువుకు వేరు, పోడుకు వేరు, కాఫీ తోటకు వేరు పరీక్ష చెయ్యాలి
విత్తనాల లారీ కంటే ముందు సున్నం లారీ ఘాట్ ఎక్కాలి

పాడేరు డివిజన్ పదకొండు మండలాల రైతన్నలకు, అక్కలకు, అమ్మలకు!

రాజ్మా వేశారు. మొలక బాగానే లేచింది. నాలుగాకులు తొడిగాక ఎదుగుదల ఆగిపోయింది, ఆకు పసుపు తిరిగింది. తెగులేమో అని మందు కొట్టారు. బలం చాల్లేదేమో అని యూరియా చల్లారు. పది రోజులు పచ్చగా కనబడి మళ్లీ మొదటికొచ్చింది. పక్క చేలో అదే విత్తనం, అదే వాన. అక్కడ కాపు బాగుంది. వాళ్ల చేతి చలవ అనుకుని ఊరుకున్నాం.

చేతి చలవ కాదు. ఈసారి అలాంటి మొక్క కనబడితే పీకకండి, వేరు తెగకుండా గునపంతో తవ్వి తియ్యండి. నీళ్లలో జాడించి చూడండి. వేళ్లు పొట్టిగా, మొద్దుగా, కొసలు లావెక్కి ఉంటాయి. సన్నని పీచు వేరు చాలా తక్కువ. రాజ్మా వేళ్ల మీద ఉండాల్సిన బుడిపెలు పట్టుమని పది కూడా ఉండవు. ఉన్నవాటిలో ఒకటి గోటితో చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తున్న బుడిపె, గాల్లోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతోందన్న మాట. తెల్లగానో పాలిపోయిన ఆకుపచ్చగానో ఉంటే అది ఉత్తిదే.

రాజ్మాలో బుడిపెలు తక్కువ పడడానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ వేరు మొద్దుబారడం, బుడిపె పడకపోవడం, ఎరువు వేసినా అందకపోవడం ఈ మూడూ ఒక్కచోట కనబడితే మొదట అనుమానించాల్సింది పురుగునీ విత్తనాన్నీ కాదు, నేల పులుపుని. కింద మైదానంలో రైతుకు చౌడు తెలుసు. తెల్లగా పొక్కుతుంది, కంటికి కనబడుతుంది. మన కొండల మీద జబ్బు దానికి సరిగ్గా ఎదురు. ఇది కంటికి కనబడదు. అందుకే ఎవరూ దీని గురించి మాట్లాడరు, మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి అడిగేవాళ్లూ లేరు.

ఏడు, ఆరు, అయిదు: ఈ అంకెల్లో ఉంది అసలు సంగతి

మట్టి చీటీలో పీహెచ్ అని ఒక అంకె ఉంటుంది. 7 ఉంటే నేల సమంగా ఉన్నట్టు. పైకి వెళ్తే క్షారం, కిందికి దిగితే ఆమ్లం, అంటే పులుపు. 6 నుంచి 5కి దిగితే ఒక్క అంకే కదా అనిపిస్తుంది. కాదు, పులుపు పది రెట్లు పెరిగినట్టు. 6 నుంచి 4కి దిగితే నూరు రెట్లు. 6 ఉన్న చేనుకు, 5 ఉన్న చేనుకు మధ్య గట్టు ఒక్కటే ఉండొచ్చు, కానీ పంటకు అవి రెండు వేరే లోకాలు.

5.5 దిగువకు పోయిందా, మట్టిలో ఇన్నాళ్లూ గట్టిగా బిగుసుకున్న అల్యూమినియం కరిగి నీళ్లలోకి వస్తుంది. వేరు కొసలను మొద్దుబార్చేది అదే. వేరు లోతుకు పోదు కాబట్టి వారం వాన తప్పితే చాలు, మొక్క వాడిపోతుంది. మీరు వేసిన భాస్వరాన్ని ఎర్ర మట్టిలోని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి, వేరుకు అందనివ్వవు. డబ్బు పెట్టి కొన్న డీఏపీ మట్టిలోనే ఉంటుంది, మొక్కకు ఉండదు. క్యాబేజీ, కాలిఫ్లవర్ లాంటివాటికి కాస్తంత కావాల్సిన మాలిబ్డినం కూడా పులుపు నేలలో అందకుండా పోతుంది.

ఈ అల్యూమినియం ఎక్కణ్నుంచో రాలేదు. గాలికొండ మీద, సప్పర్ల, జెర్రెల కొండల మీద బాక్సైట్ ఉందని మన తలకాయలు తినేశారు కదా, ఆ బాక్సైట్ అంటే ఏమిటి? లక్షల ఏళ్లు వానలు కురిసి కురిసి రాతిలోని సున్నం, మెగ్నీషియం, పొటాష్, సోడియం అన్నీ కడుక్కుపోగా చివరికి మిగిలిన అల్యూమినియం ముద్ద. కొండ నెత్తిన జరిగిన పనే మన చేలల్లో ఇంకా జరుగుతోంది. మన కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఆ పేరు కూడా ఈ కొండల ఖోండు జనం పేరే. అందులో మొదటి నుంచీ సున్నం తక్కువ. దాని మీద ఏటా ఇంత వాన. కాబట్టి మన నేలకు పులుపు వైపు మొగ్గడం స్వభావం. ఆ తప్పు ఎవరిదీ కాదు. ఆ స్వభావాన్ని తొందరపెడుతున్నామా, ఆపుతున్నామా అన్నది మాత్రం మనం నేలను ఎలా వాడుతున్నామన్న దాని మీద ఉంది.

ఒకే ఊరు, నాలుగు నేలలు

పోడు సంగతి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే నింద అంతా దాని మీదే పడుతుంది. అడవి చెట్టు లోతుకు వేళ్లు దించి కిందికి ఇంకిపోయిన సున్నాన్ని, పొటాష్‌ను పైకి లాగి ఆకులో, కొమ్మలో పెట్టుకుంటుంది. ఆ చెట్లు కొట్టి కాలిస్తే మిగిలేది బూడిద. బూడిద పులుపును విరుస్తుంది. మొదటి ఏడాది సామలు, చోళ్లు విరగ్గాసేది అందుకే. రెండో ఏడాదికి వాన సగం కడిగేస్తుంది. మూడో ఏటికి నేల మళ్లీ మొదటికి వస్తుంది. మన తాతలు అప్పుడు ఆ చెలక వదిలేసి వేరే చోటికి పోయేవారు, పదేళ్లు, ఇంకా ఎక్కువ ఏళ్లు తిరిగి చూసేవారు కాదు. ఆ పదేళ్లలో అడవి మళ్లీ లేచి, మళ్లీ సున్నం పైకి తెచ్చేది. లెక్క సరిపోయేది.

ఆ పదేళ్లను మన దగ్గర నుంచి లాక్కున్నది ఎవరు? 1882 మద్రాసు అటవీ చట్టం కొండను రిజర్వు గీతల్లోకి తెచ్చింది. పోడు మీద ఆంక్షలు, దాని వెనక జరిమానాలు, వెట్టి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడే నాటికి మన్యంలో పేరుకున్న కోపంలో ఈ పోడు ఆంక్షల పాలు చిన్నది కాదు. తరవాత జనం పెరిగారు, తిరగడానికి జాగా తగ్గింది. ఇవాళ చెలకకు దొరికే విశ్రాంతి రెండు మూడేళ్లు, చాలా చోట్ల అదీ లేదు. కాల్చడానికి చెట్టే లేదు, తుప్పలే ఉన్నాయి. తుప్ప కాలిస్తే ఎంత బూడిద వస్తుంది? పోడు చెడ్డదని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లకు మేం చెప్పేది ఇదే: కాల్చడం పాతదే, విశ్రాంతి పోవడం కొత్తది. నేల పులవడానికి దారి అక్కడ పడింది.

గరువు భూమి సంగతి ఇంకోలా ఉంది. మన పెద్దలు అక్కడ సామలు, వలిసెలు, చోళ్లు వేసేవారు. బీదగా, పుల్లగా ఉన్న నేలను కూడా చాలావరకు ఓర్చుకునే పంటలవి. శీతాకాలంలో పర్యాటకులు దిగి ఫొటోలు తీసుకునే ఆ పసుపుపచ్చ వలిసె చేను వెనక అంత తెలివి ఉంది. ఇప్పుడు అదే గరువులో రాజ్మా, క్యాబేజీ, అల్లం వేస్తున్నాం. వెయ్యొద్దని కాదు. సామలు అమ్మితే పిల్లాడి ఫీజు రాదు. కానీ పంట మారినప్పుడు నేలకు కావాల్సింది కూడా మారుతుందని మనకు ఎవరూ చెప్పలేదు. విత్తనం అమ్మినవాడు చెప్పలేదు, సరుకు కొన్నవాడు చెప్పలేదు. అల్లం, పసుపు కోసం వాలులో నేల తవ్వి వదిలేస్తే పై మట్టి గెడ్డలోకి పోతుంది, కింది మట్టి బయటపడుతుంది. కింది మట్టిలో ఆకు కుళ్లు ఉండదు, అల్యూమినియాన్ని కట్టిపడేసేది ఏదీ ఉండదు. మట్టి కోతకు గురైన చోట పులుపు మరీ బాధించేది అందుకే.

కాఫీ తోటలో నేల కాస్త మెరుగు. మీద నీడ, కింద ఆకు, దున్నడం లేదు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ తోటలో నేల కూడా ఏళ్లు గడిచే కొద్దీ పులుస్తుంది. పండు కోసుకుపోతున్నాం, దాంతో పాటు పొటాష్, సున్నం పోతున్నాయి. సిల్వర్ ఓక్ ఒక్కటే నీడగా పెట్టిన తోటల్లో ఆకు గట్టిగా ఉండి త్వరగా కుళ్లదు. అడవి చెట్లు, పనస, మామిడి కలిపి ఉంచిన తోట వేరు. పల్పింగ్ చేశాక పండు తొక్కను గెడ్డలో పారబోస్తున్నవాళ్లున్నారు. నీళ్లూ చెడతాయి, పొటాష్ దండిగా ఉన్న ఎరువూ పోతుంది. ఆ తొక్కను కుళ్లబెట్టి మొక్కల మొదట్లో వెయ్యాలి. కాఫీకి 6 దగ్గర పీహెచ్ ఉంటే హాయి. అయిదుకు దిగిన తోటలో కాపు తగ్గితే మిరియం తీగను నిందించి లాభం లేదు.

నీలగిరి వేసినవాళ్లు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. కర్ర లారీ ఎక్కితే అందులో మీ నేల సున్నం కూడా ఎక్కుతుంది. బెరడు, ఆకు అయినా చేలోనే వదిలించండి.

ఇక పల్లం. వరి మడిలో నీరు నిలిస్తే కొన్ని వారాల్లో నేల పులుపు దానంతట అదే తగ్గి 7 వైపు జరుగుతుంది. నీరు తీసేశాక మళ్లీ వెనక్కి పోతుంది. అందుకని ఊడ్పు వరికి సున్నం కొనడం చాలా చోట్ల దండగ. ఎవరైనా ఊరంతటికీ పల్లం, మెట్ట చూడకుండా సున్నం చల్లించే పథకం తెస్తే ముందు ఈ ప్రశ్న వెయ్యండి.

యూరియా బస్తా వెనక కనబడని బాకీ

అమ్మోనియం రూపంలో నత్రజని వేసినా, యూరియా వేసినా, నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మార్చేటప్పుడు పులుపు పుడుతుంది. వాన ఆ నైట్రేటును కడుక్కుపోతే, పోతూ పోతూ సున్నాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. లెక్క కట్టి ఉంచారు: 100 కిలోల అమ్మోనియం సల్ఫేటు పుట్టించే పులుపు విరగాలంటే దాదాపు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలి. 100 కిలోల యూరియాకు 80 కిలోలు. మన యూరియా బస్తా 45 కిలోలు. అంటే బస్తాకు 36 కిలోల సున్నం బాకీ. క్యాబేజీకి ఎకరాన మూడు బస్తాలు గుమ్మరించే వాళ్లు ఒక్క పంటకే క్వింటాకు పైగా నేలకు బాకీ పడుతున్నారు.

ఎరువు మానెయ్యమని మేం అనడం లేదు. రాంచీలో, మనలాంటి ఎర్ర నేలల మీద, 1970ల మొదటి నుంచి ఒకే పొలంలో ఒకే తీరుగా పంటలు వేసి చూస్తున్నారు. ఉత్త నత్రజని వేసిన మళ్లు ఏళ్లు గడిచే కొద్దీ దెబ్బతిన్నాయి. ఎరువులతో పాటు సున్నం వేసిన మళ్లు, పశువుల ఎరువు కలిపి వేసిన మళ్లు నిలబడ్డాయి. ఆ మళ్ల నుంచి మనం పట్టుకోవాల్సింది ఇదొక్కటే: బస్తా ఒంటరిగా చేలోకి రాకూడదు.

ఇక్కడ ఇంకో రకం వాళ్లతో కూడా మాట్లాడాలి. "మేం రసాయనాలు ముట్టం, మా నేల పులవదు" అంటారు ప్రకృతి సేద్యం చేసే అన్నలు. పశువుల పేడ, ఆకు కుళ్లు, నేలను కప్పి ఉంచడం, ఇవన్నీ అల్యూమినియం కోరలు తీస్తాయి, మాకు అందులో సందేహం లేదు. కానీ బస్తా ఎరగని కొండ కూడా వానకు పులుస్తుంది. పప్పుజాతి పంటలు కూడా నత్రజని చేర్చే పనిలో నేలను మెల్లగా పులుపుకు తెస్తాయి. పంట అమ్మిన ప్రతిసారీ కొంత సున్నం సంతకు పోతుంది. కాబట్టి మట్టి పరీక్ష అందరికీ కావాలి. సున్నపురాయి పొడి నేలలో పుట్టిన రాయే, దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు.

సున్నం ఏది, ఎంత, ఎప్పుడు

కిళ్లీలో వేసుకునే సున్నం, గోడకు వేసే సున్నం, చేలో వేసే సున్నం మూడూ ఒక రాతి బిడ్డలే గానీ బలం ఒకటి కాదు. సున్నపురాయిని కాల్చకుండా పొడి చేస్తే దాని బలం 100 అనుకోండి. డోలమైట్ పొడి 108 దాకా ఉంటుంది, పైగా మెగ్నీషియం కూడా ఇస్తుంది. మన నేలలో మెగ్నీషియం కూడా కడుక్కుపోయింది కాబట్టి దొరికితే అదే మేలు. నీరు చల్లార్చిన సున్నం 135, కాల్చిన పచ్చి సున్నం 178. ఈ చివరి రెండూ తొందరగా పని చేస్తాయి కానీ చెయ్యి, కన్ను కాలుస్తాయి. పిల్లల చేత చల్లించకండి. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది, రవ్వగా ఉన్నది ఏళ్ల తరబడి కరగదు. పొయ్యి బూడిద కూడా పనికొస్తుంది, కానీ సున్నపురాయి పొడిలో సగం బలం కూడా ఉండకపోవచ్చు. ఇంట్లో ఉన్నది పెరటి మళ్లకు వాడుకోండి.

ఎంత వెయ్యాలన్నది పీహెచ్ అంకె ఒక్కటే చూసి చెప్పలేం. ఇసుక నేలకు కొంచెం చాలు, జిగురు నేలకు అదే అంకె దగ్గర మూడింతలు కావాల్సి రావొచ్చు. అందుకే ప్రయోగశాలలో సున్నం అవసరం అని వేరే పరీక్ష ఉంది, దాన్ని అడిగి చేయించుకోవాలి. ఆ లెక్క ప్రకారం చేనంతా చల్లాలంటే ఎకరాకు టన్ను కూడా కావొచ్చు. ఘాట్ మీద ఆ ఖర్చు మన వల్ల కాదు. దానికి దేశంలోని ఆమ్ల నేలల మీద చేసిన పరిశోధనలు ఒక దారి చూపించాయి: ఒక్కసారే గుమ్మరించకుండా, ప్రతి పంటకూ విత్తే చాలులోనే ఎకరాకు 80 నుంచి 160 కిలోలు వేసుకుంటూ పోవడం. మెట్ట పంటలకు, ముఖ్యంగా పప్పుజాతికి, ఇది బాగా పని చేసింది. రెండు మూడు బస్తాల లెక్క అది. మోసుకుపోగలం.

చల్లడమైతే తొలకరి జల్లు పడి నేల కాస్త పదునెక్కాక, విత్తడానికి రెండు మూడు వారాల ముందు చల్లి మట్టిలో కలపాలి. వర్షాకాలం మధ్యలో రాజ్మా వేసేవాళ్లు దుక్కి సమయానికే సిద్ధంగా ఉంచుకోండి. యూరియాతోనో, డీఏపీతోనో, సూపర్ ఫాస్ఫేటుతోనో సున్నం కలిపి వెయ్యొద్దు. కలిపితే నత్రజని ఘాటుగా గాల్లోకి పోతుంది, భాస్వరం బిగుసుకుపోతుంది. మధ్యలో కనీసం పది రోజులైనా ఎడం ఉంచండి. ఎక్కువ వేస్తే ఎక్కువ పండుతుందన్న ఆశ అసలే వద్దు. పీహెచ్ 6 దగ్గరికి వస్తే చాలు. 7 దాటించారంటే జింకు, బోరాన్, మాంగనీసు అందక కొత్త రోగాలు మొదలవుతాయి.

జిప్సం గురించి రెండు మాటలు. రాయితీ మీద జిప్సం బస్తాలు వచ్చినప్పుడు "ఇది కూడా సున్నమే" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండింటిలోనూ కాల్షియం ఉంది, అంతే. జిప్సం చౌడు నేలకు మందు. వేరుశెనగ కాయకు కాల్షియం, గంధకం ఇస్తుంది. పులుపు విరవడం దాని పని కాదు, బస్తాలకు బస్తాలు పోసినా పీహెచ్ పెరగదు. మైదానానికి తయారు చేసిన జాబితానే కొండకు పంపితే ఇలాగే ఉంటుంది.

ఇరవై అయిదు ఎకరాలకు ఒక్క గుప్పెడు మట్టి!

2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార ఆరోగ్య పత్రాల పథకం పెట్టింది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి, పీహెచ్ కూడా ఉంటుంది. ఆలోచన మంచిదే. అయితే మట్టి ఎలా తియ్యమన్నారో చూడండి. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా. పది హెక్టార్లంటే దాదాపు ఇరవై అయిదు ఎకరాలు.

మైదానంలో ఇరవై అయిదు ఎకరాలు ఒకే చదునుగా, ఒకే వరిగా, ఒకే శెనగగా ఉండొచ్చు. మన ఊళ్లో ఇరవై అయిదు ఎకరాల్లో ఏముంటుంది? కింద గెడ్డ పక్కన పల్లం, దాని పైన గరువు, గరువు మీద పసుపు, ఆ పైన కాఫీ, నెత్తిన పోడు. పది పన్నెండు ఇళ్ల భూములు. ఇందులో ఒక్క చోట తవ్వి, ఆ అంకెనే అందరి కార్డుల మీదా అచ్చు వేస్తే ఆ కార్డు ఎవరిది? పల్లంలో తీసిన మట్టి 6.2 చూపిస్తే పోడు రైతుకు "నీ నేల బాగుంది" అని చెప్పినట్టు. పోడులో తీస్తే వరి రైతు చేత అనవసరంగా సున్నం కొనిపించినట్టు. నేలను ఎలా వాడారో చూడకుండా తీసిన మట్టి, మట్టి పరీక్ష కింద లెక్కకు రాదు. మా గొడవంతా దీని మీదే.

ఆ కార్డులోనే సున్నం లేదా జిప్సం ఎంత వెయ్యాలో రాయడానికి ఒక గడి కూడా ఉంది. మీ కార్డు ఇంట్లో ఉంటే తీసి చూడండి. అది ఖాళీగా ఉంటే సంతకం పెట్టి తీసుకున్నది సగం కార్డే.

ఏం అడగాలి, ఎక్కడ అడగాలి

సంతలో నలుగురు చేరి మాట్లాడుకుంటే కాగితం కదలదు. గ్రామసభ పెట్టించండి. మనది షెడ్యూల్డు ప్రాంతం, 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన విలువ ఉంది. తీర్మానం రాయించి, పంచాయతీ ముద్ర వేయించి, ఒక ప్రతి రైతు సేవా కేంద్రంలో, ఒక ప్రతి పాడేరు ఐటీడీఏ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర తీసుకోండి. తీర్మానంలో ఉండాల్సినవి ఇవి.

పల్లం, గరువు, పోడు, కాఫీ తోట: ఒక్కో వాడకానికి ఒక్కో నమూనా విడిగా తియ్యాలి. మట్టి తీసే రోజు ముందుగా చాటించాలి, రైతు ఎదుట తియ్యాలి.

5.5 కంటే తక్కువ వచ్చిన ప్రతి నమూనాకు సున్నం అవసరం పరీక్ష తప్పనిసరిగా చెయ్యాలి. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఆర్.వి.నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. మన కొండ మీదే ఉన్న ఈ రెండింటినీ కలుపుకుని, పంటవారీగా ఎంత వెయ్యాలో తెలుగులో ఒక కాగితం అచ్చు వేసి ఊరూరా అంటించాలి.

మెత్తని సున్నపురాయి పొడి, డోలమైట్ పొడి మే నెల దాటకముందే మండల కేంద్రాలకు చేరాలి. జూలైలో వచ్చిన సున్నం గోడలకు పనికొస్తుంది. సరుకు చవక, దాన్ని ఘాట్ ఎక్కించే కిరాయే భారం. రాయితీ సరుకు మీద కాదు, రవాణా మీద ఇవ్వాలి. పల్నాడులో పిడుగురాళ్ల నిండా సున్నం బట్టీలే. అక్కడి నుంచి ఇళ్లకు, కర్మాగారాలకు లారీలు పోతున్నాయి, కొండకు ఎందుకు రావు?

అటవీ హక్కుల పట్టా ఉన్న రైతుకు, పట్టా ఇంకా రాని సాగుదారుకు కూడా గ్రామసభ ధ్రువీకరణతో సున్నం ఇవ్వాలి. వన్‌బీ కాగితం అడిగితే అవసరం ఎక్కువ ఉన్న పోడు రైతే మొదట వరస తప్పుతాడు.

వాలు భూముల్లో రాతికట్లు ఉపాధి పనుల్లో చేపట్టాలి. మట్టి జారిపోతుంటే సున్నం ఎక్కడ నిలుస్తుంది?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేం. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన అనంతగిరి మండలం నుంచి వెళ్లిన కేసు. అక్కడి గనుల్లో తవ్వాలనుకున్నది ఎక్కువగా కాల్సైట్. కాల్సైట్ అంటే సున్నపురాయి జాతే. మన చేలకు కరువైన సరుకే మన కొండలో నుంచి ఎవరి ఫ్యాక్టరీకో పోబోయింది! ఆ గని తెరవమని మేం అడగడం లేదు. ఈ కరపత్రం పట్టుకుని రేపు ఎవరైనా "చూశారా, రైతులే గని కావాలంటున్నారు" అని బయల్దేరితే ఆ మాట మాది కాదు. కొండ తవ్వకుండానే కింద నుంచి సరిపడా సున్నం తేవొచ్చు.

ఈలోగా మనం చెయ్యాల్సింది

ఇటుకల పండగ దాటాక, దుక్కులు మొదలుకాకముందు మట్టి తియ్యండి. వాడకం వేరైన ప్రతి తుండునూ వేరే చేను కింద లెక్క వేసుకోండి. చేలో అడ్డదిడ్డంగా నడుస్తూ పది పదిహేను చోట్ల తియ్యాలి. గట్టు మీద, చెట్టు మొదట, పెంటకుప్ప పక్కన, తుప్పలు కాల్చిన చోట తీస్తే అంకె అబద్ధం చెబుతుంది. పైన ఆకు, చెత్త పక్కకు నెట్టి, పారతో వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గోడ వెంట పై నుంచి కింది దాకా ఒక పలక మట్టి తియ్యండి. కాఫీ తోటలో తొమ్మిది అంగుళాలు. అన్నీ ఒక గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో వద్దు. ఎరువుల ఖాళీ సంచిలో అసలు పొయ్యొద్దు, శుభ్రమైన గుడ్డ సంచిలో కట్టండి.

ఊరి మహిళా సంఘం ఈ పని నెత్తిన వేసుకుంటే ఒక్క రోజులో ఊరంతా అయిపోతుంది. చదువుకున్న పిల్లలు చీటీలు రాసి పెట్టండి. సంచిలో ఒకటి, సంచి మీద ఒకటి, రెండు చీటీలు. చీటీ మీద రైతు పేరు, ఊరు, భూమి పట్టానా పోడా అన్నది రాయండి. పల్లమా, గరువా, కాఫీయా అని రాయండి. గడిచిన మూడేళ్లలో ఆ తుండులో వేసిన పంటలు, వేసిన బస్తాలు, చివరిసారి ఎప్పుడు కాల్చారు, ఎన్నేళ్లు బీడు వదిలారు, ఇవి కూడా రాయండి. ఆ వివరాలు లేని సంచిని తీసుకోవద్దని, తీసుకున్న సంచికి రసీదు లేకుండా వెనక్కి రావొద్దని గ్రామసభలోనే అనుకోండి.

పాడేరు డివిజన్ కొండ రైతులు

(చదివాక పారెయ్యొద్దు. చదవడం రాని పక్కింటి వాళ్లకు చదివి వినిపించండి.)